గేటు రిజిస్టరులో ఆ ఒక్క వరుస ఎవరిది?

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద టెక్ పార్కులకు సాధారణంగా రెండు గేట్లుంటాయి. ఒకటి ఉద్యోగులది. రెండోది సామాను బండ్లు, పనివాళ్లు వెళ్లేది. ఉదయం ఏడున్నరకు ఆ రెండో గేటు దగ్గర లిఫ్టు మరమ్మతు చేసేవాళ్లు, ఏసీ మెకానిక్‌లు, కేబుళ్లు లాగేవాళ్లు, హౌస్‌కీపింగ్ మహిళలు బారులు తీరి ఉంటారు. మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్.పురం వైపు ఆ బారులో తెలుగు బాగా వినిపిస్తుంది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు. బల్ల మీద పొడవాటి రిజిస్టరు, దారంతో కట్టిన పెన్ను.

పెన్ను అందుకున్న ప్రతి ఒక్కరూ ముందుగా పై వరుస చూస్తారు. ఏ గడిలో ఏమి రాయాలో తెలుసుకోవాలంటే చూడక తప్పదు. ఆ ఒక్క చూపులో ముందు వెళ్లిన మనిషి పేరు, ఫోను నంబరు, ఏ ఏజెన్సీ తరఫున వచ్చారు, ఎన్నో అంతస్తుకు, ఎవరిని కలవడానికి, బండి నంబరు, ఎన్నింటికి లోపలికి వెళ్లారు అన్నీ కనబడతాయి. కొన్నిచోట్ల ఆధార్ నంబరుకు కూడా ఒక గడి ఉంటుంది. నిన్నటి పేజీ తిప్పితే నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు ఒంటరిగా బయటికి వెళ్లిన హౌస్‌కీపింగ్ అమ్మాయి పేరు, నంబరు, రోజూ ఆమె బయలుదేరే వేళ తెలిసిపోతాయి. వెంటపడాలనుకునేవాడికి ఇంతకంటే ఏమి కావాలి?

ఈ రిజిస్టర్ల గురించి ఇప్పుడు మాట్లాడుకోవడానికి రెండు కారణాలున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. అదే నెల 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. ఒకటి ‘అవసరం తీరాక చెరిపేయండి’ అంటుంది. మరొకటి ‘రికార్డులు భద్రంగా ఉంచండి’ అంటుంది. గేటు రిజిస్టరు సరిగ్గా ఈ రెండు మాటల మధ్యన ఉంది.

కాంట్రాక్టర్ అంటే ఇక్కడ ఎవరు

ముందు ఒక మాట తేల్చుకోవాలి. మన వాడుకలో కాంట్రాక్టర్ అంటే పని ఒప్పుకున్న పెద్దమనిషి, గుత్తేదారు. సెక్యూరిటీ బల్ల దగ్గర మాత్రం ‘కాంట్రాక్టర్’ అని రాసిన గడిలో సంతకం పెట్టేది ఆయన పంపిన పనివాడు. ఈ తేడా గమనించకపోతే చర్చంతా తారుమారవుతుంది. ఎందుకంటే ఈ రికార్డులో కనీసం ముగ్గురున్నారు. పని జరిగే చోటు యజమాని, చట్టం మాటల్లో ప్రధాన యజమాని. పని ఒప్పుకున్న గుత్తేదారు. ఒళ్లు వంచి పని చేసే మనిషి. పెద్ద భవనాల్లో ఇంకా ముగ్గురు చేరతారు: భవనం సొంతదారు, గార్డులను పెట్టిన సెక్యూరిటీ ఏజెన్సీ, టాబ్లెట్‌లో పేర్లు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఒక మనిషి రాసిన ఒక వరుస అయిదారు చేతుల్లోకి వెళుతుంది. ఆ వరుసను మళ్లీ చూసుకునే వీలు లేనిది రాసిన మనిషికే.

భద్రత ఉన్న పనిచోటు అంటే రక్షణ పరిశోధనశాలలు, అంతరిక్ష కేంద్రాలు మాత్రమే కావు. బ్యాంకుల లెక్కలు చూసే కార్యాలయాలు, డేటా సెంటర్లు, చిప్‌ల నమూనాలు గీసే సంస్థలు, మందుల ప్రయోగశాలలు కూడా అంతే. ఎవరు లోపలికి వచ్చారో తెలియకపోతే నడవని చోట్లు ఇవి. బెంగళూరులో ఇలాంటివి కోకొల్లలు.

ఎందుకు రాయించుకుంటారు, ఎన్నాళ్లు అవసరం

రిజిస్టరే వద్దని ఎవరూ అనడం లేదు. కాకపోతే ఒకే వరుస చేత నాలుగు వేర్వేరు పనులు చేయిస్తున్నాం. ఆ నాలుగింటికీ కావలసిన వివరాలు వేరు, గడువులూ వేరు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది ప్రాణరక్షణ. మంటలు లేస్తే లోపల ఎంతమంది ఉన్నారో, ఎవరింకా బయటికి రాలేదో అగ్నిమాపక సిబ్బందికి చెప్పాలి. దీనికి పేరు, లోపలికి వెళ్లిన సమయం, ఏ అంతస్తు అన్నవి చాలు. ఆ మనిషి క్షేమంగా బయటికి వెళ్లగానే ఈ అవసరం తీరిపోయింది. అంటే దీని ఆయుష్షు ఒక్క రోజు.

రెండోది, ఏదైనా పోయినా, లీకైనా వెనక్కి తిరిగి చూసుకోవడం. దీని గడువు వారాలు, నెలలు. కార్డు చెల్లింపుల సమాచారం ఉండే చోట్లకు అంతర్జాతీయంగా పీసీఐ డీఎస్ఎస్ అనే ప్రమాణం ఉంది. సందర్శకుల లాగ్‌ను కనీసం 3 నెలలు ఉంచమని అది చెబుతుంది. అందులో ఉండాలన్నవి వచ్చినవారి పేరు, వారి సంస్థ, వచ్చిన తేదీ, సమయం, లోపలికి అనుమతించిన ఉద్యోగి పేరు. ఫోను నంబరు లేదు, సొంతూరు లేదు, ఆధార్ లేదు. డబ్బు లెక్కలు కాపాడే ప్రమాణమే ఇంతతో సరిపెట్టుకుంటుంటే, మామూలు కార్యాలయం గేటు దగ్గర పన్నెండు గడులు ఎందుకున్నాయో ఆలోచించాలి. కెమెరా దృశ్యాల సంగతికి వస్తే, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు 30 రోజుల పాటు వాటిని దాచి ఉంచాలని కర్ణాటక ప్రజా భద్రత చట్టం, 2017 చెబుతుంది.

మూడోది ఆడిట్. మేము తలుపులు జాగ్రత్తగా కాస్తున్నాం అని కంపెనీ తన ఖాతాదారుకు, సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 27001 వంటి ధ్రువీకరణ ఇచ్చేవారికి చూపించుకోవాలి. నిజానికి ఆడిటరుకు కావలసింది పద్ధతి అమలవుతోందన్న రుజువు. మనుషుల ఫోను నంబర్లతో ఆయనకు పనిలేదు.

నాలుగోది కూలి. లోపలికి వచ్చిన సమయం, వెళ్లిన సమయం హాజరుకు ఆధారం. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కింద కేంద్ర నియమాలు మస్టరు రోలు (హాజరు పట్టీ), వేతనాల రిజిస్టరు వంటివాటిని చివరి నమోదు నుంచి 3 సంవత్సరాలు భద్రపరచమన్నాయి.

ఒక రోజు, 30 రోజులు, 3 నెలలు, 3 ఏళ్లు. అన్నిటికీ కలిపి ఒకే పుస్తకం పెడితే ఏమవుతుంది? అన్నిటికంటే పెద్ద గడువే అన్ని వివరాలకూ వర్తిస్తుంది. కూలి లెక్క కోసం మూడేళ్లు దాచిన పుస్తకంలో ఆ అమ్మాయి ఫోను నంబరు కూడా మూడేళ్లు ఉంటుంది.

దీన్ని విడదీయవచ్చని ఫ్రాన్స్ చూపించింది. అక్కడి సమాచార రక్షణ సంస్థ సీఎన్ఐఎల్, బ్యాడ్జి గీసి ఏ తలుపు గుండా వెళ్లారన్న వివరాన్ని 3 నెలలకు మించి ఉంచవద్దంటుంది. అదే బ్యాడ్జి పని గంటల లెక్కకు వాడితే ఆ లెక్కను 5 సంవత్సరాలు ఉంచమంటుంది. బ్యాడ్జి ఒకటే, గీసిన గీత ఒకటే. ప్రయోజనం మారితే గడువు మారింది.

తెరిచి ఉంచిన రిజిస్టరు కంపెనీకీ ముప్పే

తెలుగులో గోప్యత అనే మాట రెండు అర్థాల్లో వాడతాం. సంస్థ రహస్యమూ గోప్యతే, మనిషి సొంత విషయమూ గోప్యతే. గేటు రిజిస్టరు దగ్గర ఈ రెండు అర్థాలు నిజంగానే కలుస్తాయి. భద్రత కావాలంటే కార్మికుడి గోప్యత వదులుకోవాలి అనే వాదన చాలామంది సెక్యూరిటీ అధికారులు నమ్మకంగానే చేస్తారు. అందులో నిజం కొంతే ఉందని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక డేటా సెంటర్ గేటు దగ్గరికి ప్రత్యర్థి సంస్థ మనిషి కొరియర్ ఇచ్చే మిషతో వచ్చాడనుకుందాం. రిజిస్టరు రెండు పేజీలు తిప్పాడు. జనరేటర్ల సంస్థ మనుషులు ఈ వారం మూడుసార్లు వచ్చారు, అంటే విద్యుత్తు సరఫరాలో ఏదో ఇబ్బంది. మంటలు ఆర్పే వ్యవస్థ చూసే ఏజెన్సీ పేరు తెలిసింది. వారిని లోపలికి పంపే అధికారి పేరూ తెలిసింది. రేపు అదే ఏజెన్సీ పేరు చెప్పి, అదే అధికారి పేరు పలికి, అదే వేళకు ఇంకెవరైనా వస్తే గార్డు నమ్మడూ? మోసగాడికి కావలసిన మాటలన్నీ ఆ పుస్తకమే నేర్పింది. పనివాడి వివరాలు దాచడమంటే సంస్థ గుట్టు దాచడమే అన్నమాట.

అయినా అధికారుల వాదనలో కొట్టిపారేయలేని ముక్క ఒకటుంది. ఏదైనా జరిగిన రోజున మనిషి ఆచూకీ కావాలి. పేరు, ఏజెన్సీ మాత్రమే ఉంటే, ఆ ఏజెన్సీ మర్నాడు ఫోను ఎత్తకపోతే దారేది? చిన్న గుత్తేదారుల కింద మనుషులు వారానికోసారి మారుతుంటారు. ఈ భయం నిజమైనదే. దానికి జవాబు ఫోను నంబరు అసలు తీసుకోకపోవడం కాదు. తీసుకున్న నంబరు బల్ల మీద కాకుండా, అవసరమైనప్పుడు మాత్రమే తెరిచే చోట ఉండటం.

ఆధార్ కాపీ దగ్గర వచ్చే చిక్కు

2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన విడుదల చేసింది. ఆధార్ ఫోటోకాపీలు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడమని అందులో ఉంది. జనం గాబరాపడ్డారు. రెండు రోజుల్లోనే, 29న, తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందంటూ కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. ప్రకటన పోయింది కానీ చట్టం అలాగే ఉంది. 2019 సవరణతో ఆధార్ చట్టంలో చేరిన 8ఎ సెక్షన్ ప్రకారం, ఆఫ్‌లైన్‌గా ఆధార్‌తో గుర్తింపు సరిచూసుకునే సంస్థ ఆధార్ నంబరును గానీ వేలిముద్రలను గానీ సేకరించకూడదు, వాడకూడదు, దాచకూడదు. వేరే గుర్తింపు చూపే అవకాశం ఉందని కూడా ఆ సంస్థ వచ్చిన మనిషికి చెప్పాలి.

ఇక్కడ రెండు పనుల తేడా తెలుసుకోవాలి. చూడటం వేరు, దాచుకోవడం వేరు. గార్డు కార్డు చేతిలోకి తీసుకుని, ఫోటోతో ముఖం పోల్చి, ‘గుర్తింపు సరిచూశాను’ అని గుర్తు పెట్టి తిరిగి ఇచ్చేస్తే భద్రత అవసరం తీరింది. కాపీ తీసి ఫైలులో పెడితే అదనంగా వచ్చిన భద్రత దాదాపు లేదు. వచ్చిందల్లా బాధ్యత. ఆ కాపీతో ఎవరైనా సిమ్ తీసుకుంటే, రుణం తీసుకుంటే పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసింది మాత్రం ఆ మెకానిక్.

ఇంకో సంగతి బెంగళూరు తెలుగువారికి బాగా తెలిసినదే. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో పొడి అక్షరంగా మారుతుంది, గేటు దగ్గర గార్డు విన్నట్టు రాసుకుంటాడు. ఒకే మనిషి మూడుచోట్ల మూడు పేర్లతో ఉంటాడు. ఆధార్ నంబరు రాస్తే ఈ గొడవ ఉండదని కొందరు వాదిస్తారు. కానీ ఏజెన్సీ ఇచ్చిన గుర్తింపు సంఖ్యో, పని పూర్తయ్యేదాకా పనిచేసే బ్యాడ్జి సంఖ్యో రాసినా ఆ గొడవ తీరుతుంది.

కొత్త చట్టం ఎక్కడ తేలిక, ఎక్కడ ముడి

గోప్యత మన ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి బెంగళూరులో స్థిరపడిన కె.ఎస్.పుట్టస్వామి. ఆ తీర్పు పునాదిగా వచ్చిన చట్టమే 2023 నాటిది. ప్రధాన బాధ్యతలు నిబంధనలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027 మే నెలలో కట్టుబడి తీరవలసినవి అవుతాయి.

మొదటి ముడి కాగితం. ఈ చట్టం డిజిటల్ సమాచారానికి, కాగితం మీద తీసుకుని తర్వాత డిజిటల్‌గా మార్చినదానికి వర్తిస్తుంది. ఒట్టి కాగితపు రిజిస్టరుకు వర్తించదు. అన్నిటికంటే తెరిచి ఉండేది, అన్నిటికంటే సులభంగా చూడగలిగేది చట్టం బయటే ఉండిపోయింది. అయితే రోజూ సాయంత్రం గార్డు ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి సూపర్‌వైజర్ల వాట్సాప్ గ్రూపులో పెడుతుంటే? ఆ క్షణం నుంచి అది డిజిటల్ సమాచారమే. తమది పాత పద్ధతి పుస్తకమే కాబట్టి తమకు చట్టంతో పనిలేదని నిశ్చింతగా ఉన్న సంస్థలు ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో, ఉద్యోగం మానేసిన గార్డుల ఫోన్లలో ఎన్ని పేజీలున్నాయో లెక్క చూసుకోవాలి.

రెండో ముడి అన్నిటికంటే గట్టిది. ఏ ఆధారంతో ఈ వివరాలు తీసుకుంటున్నారు అన్నది. చట్టంలో ఒక దారి సమ్మతి. అది స్వేచ్ఛగా, షరతులు లేకుండా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. గేటు దగ్గర సంతకం పెట్టకపోతే లోపలికి వెళ్లలేడు, వెళ్లకపోతే ఆ రోజు కూలి లేదు. దాన్ని స్వేచ్ఛ అనడం కష్టం. ఇంకో దారి ఏడో సెక్షన్. ఉద్యోగ ప్రయోజనాలకు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి, అంటే వ్యాపార గూఢచర్యాన్ని అడ్డుకోవడానికి, వాణిజ్య రహస్యాలు కాపాడుకోవడానికి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని అది చెబుతుంది. సంస్థల న్యాయ సలహాదారులకు ఈ దారే సహజంగా నచ్చుతుంది. అందులో తప్పు లేదు, అది చట్టం ఇచ్చిన దారే.

కానీ ఆ దారి పట్టినప్పుడు జారిపోయేది ఒకటుంది. నా గురించి మీ దగ్గర ఏముందో చూపించండి, తప్పుంటే సరిదిద్దండి అని అడిగే హక్కులు సమ్మతితోనో, స్వచ్ఛందంగానో ఇచ్చిన సమాచారానికే చట్టం ముడిపెట్టింది. ఉద్యోగ ప్రయోజనం పేరుతో తీసుకున్నదానికి ఆ హక్కులు స్పష్టంగా రావు. సమ్మతి అడిగేటప్పుడు ఇవ్వవలసిన నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులో కూడా, చదువుకునే వీలు కల్పించాలి. సమ్మతే అడగకపోతే ఆ నోటీసూ ఉండదు. బెంగళూరులో పనిచేసే తెలుగు మెకానిక్‌కు చట్టం ఇచ్చిన చక్కని వెసులుబాటు, కంపెనీ ఎంచుకున్న సెక్షన్ నంబరును బట్టి ఉంటుంది లేదా పోతుంది.

అసలు కాంట్రాక్టు పనివాడు ఎవరి ఉద్యోగి? గుత్తేదారు ఉద్యోగి అయితే, టెక్ పార్కు తన గేటు దగ్గర ‘ఉద్యోగ ప్రయోజనం’ అనగలదా? యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడం అన్న ముక్క సరిపోతుందని కొందరు, ఆ యజమాని ఎవరో ముందు తేలాలని మరికొందరు వాదిస్తున్నారు. రెండు వాదనలకూ చట్టం మాటల్లో చోటుంది.

బాధ్యత ఎవరిదన్నది దీనికంటే తేలిక. ఎందుకు, ఎలా సేకరించాలో నిర్ణయించినవారిదే బాధ్యత. సెక్యూరిటీ ఏజెన్సీ, సాఫ్ట్‌వేర్ కంపెనీ వారి తరఫున పనిచేసేవారు. ‘మా గార్డుల ఏజెన్సీ తప్పు’ అని చేతులు దులుపుకోవడం కుదరదు. తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది. అయితే ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది, నంబరు బయటపడ్డ మనిషికి కాదు. ఐటీ చట్టంలో నష్టపరిహారం కోరే వీలు కల్పించిన 43ఎ సెక్షన్‌ను ఈ చట్టమే తొలగిస్తుంది. ఇది నాకు చాలా పెద్ద లోటుగా కనిపిస్తుంది.

గడువుల విషయంలోనూ నిబంధనలు ఒక మెలిక పెట్టాయి. చట్టం అవసరం తీరాక చెరిపేయమంటే, నిబంధనలు సమాచారాన్నీ దాన్ని వాడిన లాగ్‌లనూ కనీసం ఒక సంవత్సరం ఉంచమన్నాయి, ప్రభుత్వం చట్టబద్ధంగా కోరినప్పుడు ఇవ్వడానికి వీలుగా. నేర దర్యాప్తు అవసరాలకు మినహాయింపులున్నాయి. దేశ భద్రత కారణంగా కొన్ని ప్రభుత్వ సంస్థలను పూర్తిగా మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. కాబట్టి రక్షణ పరిశోధనశాల గేటుకూ, పక్కనే ఉన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయం గేటుకూ ఒకే చట్టం ఒకేలా వర్తించకపోవచ్చు.

చెరిపేస్తే ఎవరికి మేలు

గోప్యత గురించి రాసేవారు సాధారణంగా ఎంత త్వరగా చెరిపేస్తే అంత మంచిదంటారు. కాంట్రాక్టు కార్మికుడి విషయంలో ఈ మాట అలాగే ఒప్పుకోలేను.

ఒక లెక్క చూద్దాం. ఒక ఏసీ మెకానిక్ రోజు కూలి 800 రూపాయలు. నెలలో 26 రోజులు పనికి వచ్చాడు. గుత్తేదారు మస్టరులో 22 రోజులే ఉన్నాయి. తేడా 3,200 రూపాయలు. గుత్తేదారు ‘నువ్వు రాలేదు’ అంటాడు. ఇతని చేతిలో కాగితం లేదు. తోటివాళ్లు సాక్ష్యం చెప్పడానికి వెనకాడతారు. ఆ 26 ఉదయాలకూ నిజాయితీగల సాక్షి గేటు లాగ్ ఒక్కటే. గుత్తేదారు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలని 1970 చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కొత్త కోడ్ కూడా చెబుతోంది. అడగాలంటే రుజువు ఉండాలి కదా. ఆ లాగ్‌ను గోప్యత పేరుతో 90 రోజులకు చెరిపేస్తే, ఆరు నెలల బకాయి గురించి ఏడో నెలలో వచ్చి అడిగే మనిషికి దారి మూసుకుపోతుంది.

కోర్టుల్లో ఇది ఇంకా బరువైన విషయం. కర్ణాటక అటవీ శాఖకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2002లో, ఏడాదిలో 240 రోజులు, అంటే ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు చట్టరక్షణ అడగడానికి కావలసినన్ని రోజులు, పనిచేశానని రుజువు చేసుకోవలసిన భారం కార్మికుడిదేనని, అతని సొంత ప్రమాణపత్రం ఒక్కటే చాలదని చెప్పింది. తర్వాతి తీర్పులు, యజమాని దగ్గరున్న మస్టరు రోళ్లు తెప్పించమని కార్మికుడు కోర్టును అడగవచ్చని కొంత వెసులుబాటు ఇచ్చాయి. ఉంటేనే కదా తెప్పించేది.

కంపెనీల వైపు కూడా ఒక భయం ఉంది, దాన్ని బయటికి అంతగా చెప్పరు. కాంట్రాక్టు పనివారిని ప్రధాన యజమాని తప్పనిసరిగా తన ఉద్యోగులుగా తీసుకోనక్కర్లేదని 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కానీ ఆ ఒప్పందం పైకి చూపే ముసుగేనని రుజువైతే సంగతి వేరని కూడా అదే తీర్పు చెప్పింది. ఏళ్ల తరబడి ఒకే మనిషి ఒకే అంతస్తుకు వచ్చాడని చూపే గేటు లాగ్ అలాంటి వాదనకు బలమిస్తుంది. గోప్యత కోసమని వేగంగా చెరిపే ప్రతి నిర్ణయం వెనుకా ఈ లెక్క ఉందని నేను అనను. కానీ ఆ నిర్ణయంలో కార్మికుడి మాట లేకపోతే అది ఎవరి గోప్యత అని అడగక తప్పదు.

గుత్తేదారుల అభ్యంతరాన్నీ వినాలి. గేటు సమయం పని సమయం కాదంటారు వారు. ఎనిమిదికి గేటు దాటినవాడు తోడుగా లోపలికి తీసుకెళ్లే ఎస్కార్టు వచ్చేదాకా తొమ్మిది వరకు లాబీలో కూర్చోవచ్చు. సాయంత్రం బయటికి వెళ్లడానికి అరగంట ఆగవచ్చు. గంటల లెక్కకు ఈ అభ్యంతరం న్యాయమైనదే. రోజుల లెక్కకు మాత్రం పనికిరాదు. వచ్చాడా, రాలేదా అన్నదానికి గేటే గట్టి సాక్షి.

పేరు తీసేస్తే సరిపోతుందా

చాలా సాఫ్ట్‌వేర్లు ‘మేము నంబర్లు దాచుకోం, హాష్ మాత్రమే దాచుకుంటాం’ అంటాయి. హాష్ అంటే ఒక అంకెను గణిత సూత్రంతో గుర్తుపట్టలేని అక్షరాల గొలుసుగా మార్చడం. ఆ గొలుసు నుంచి వెనక్కి రాలేమన్నది నిజమే. కానీ వెనక్కి రానక్కర్లేదు, అన్నిటినీ ముందుకు పంపి చూస్తే చాలు. మన మొబైల్ నంబర్లు పది అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. మొత్తం సాధ్యమయ్యేవి 400 కోట్లు. మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరుకు అన్నిటికీ హాష్ కట్టి పోల్చడం క్షణాల పని. ఆధార్ 12 అంకెలదైనా మొదటి అంకె 0, 1 కాదు, చివరిది సరిచూసే అంకె. మిగిలేవి 8,000 కోట్లు, అవీ నిమిషాల్లో తేలతాయి. సంస్థ రహస్యంగా ఉంచుకునే తాళం కలిపి హాష్ చేస్తే, ఆ తాళం లాగ్ ఉన్నచోట కాకుండా వేరేచోట ఉంటే, అప్పుడే ఆ మాటకు విలువ.

అంకెలన్నీ తీసేసినా అలవాట్లు మిగులుతాయి. ‘ఏజెన్సీ ఖ, బ్యాడ్జి 417, ప్రతి మంగళవారం 6.10కి, సర్వరు గది’ అన్న వరుసలో పేరు లేదు. కానీ ఆ ఏజెన్సీకి ఆ పని తెలిసిన మనిషి ఒక్కడే ఉంటే, అతనెవరో ఆ అంతస్తులో అందరికీ తెలుసు.

వేలిముద్ర, ముఖం గుర్తింపు యంత్రాల గురించి ఒక్క మాట. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలిముద్ర పోతే మార్చుకోలేం. పైగా సిమెంటు, రసాయనాలతో పనిచేసే చేతుల గీతలు అరిగిపోయి యంత్రం చదవదు, మనిషి బయట నిలబడతాడు. ఐటీ చట్టం కింద వచ్చిన 2011 నాటి నియమాలు వేలిముద్రల వంటివాటిని సున్నిత సమాచారంగా విడిగా చూశాయి. 2023 చట్టంలో ఆ ప్రత్యేక వర్గం లేదు.

ఒక వరుస ప్రయాణం

ఇదంతా ఒకచోట పెడితే ఎలా ఉంటుందో ఊహించుకుందాం. వైట్‌ఫీల్డ్ వైపు ఒక డేటా సెంటర్. మన మెకానిక్ రేపు వస్తాడని ఏజెన్సీ ఈ రోజే పేరు, ఫోటో, పని ఆర్డరు సంఖ్య పంపింది. అత్యవసర ఫోను నంబరు గార్డు తెర మీదికి రాదు. అది ఒక అధికారి, ఒక మానవ వనరుల ప్రతినిధి ఇద్దరూ కలిసి తెరిస్తేనే కనిపిస్తుంది, తెరిచిన ప్రతిసారీ కారణం నమోదవుతుంది. పొద్దున గార్డు కార్డు చూసి, ముఖం పోల్చి, తిరిగి ఇచ్చేశాడు. కాపీ లేదు. బ్యాడ్జి ఇచ్చాడు. తర్వాతి మనిషికి ఈ వరుస కనిపించదు.

రాత్రి అతను వెళ్లగానే మంటల సమయంలో చూసే జాబితా నుంచి పేరు పోయింది. 30 రోజులకు కెమెరా దృశ్యం పోయింది. మూడు నెలలు గడిచాక ఏ తలుపు ఎన్నింటికి తెరిచాడన్న వివరం మామూలు తెరల మీద నుంచి తొలగి తాళం వేసిన చోటికి చేరింది, నిబంధనలు అడిగిన ఏడాది పూర్తవగానే చెరిగిపోయింది. అంతటితో లోపల అతను ఎటు తిరిగాడన్న చరిత్ర లేదు. మిగిలినవి తేదీ, లోపలికి, బయటికి, బ్యాడ్జి సంఖ్య. అవి వేతనాల రికార్డుతో పాటు మూడేళ్లు ఉంటాయి, కూలి లెక్క తప్ప మరి దేనికీ తెరవకూడదు.

ఇందులో ఖర్చుతో కూడుకున్నవి ఉన్నాయి. పదిమంది పనిచేసే చిన్న కార్యాలయం ఇన్ని అరలు పెట్టలేదు. అలాంటి చోట ఒక్కో మనిషికి ఒక్కో చీటీ రాయించి, పెట్టె చీలికలో వేయించడం పుస్తకం తెరిచి ఉంచడం కంటే ఎంతో మెరుగు. పుస్తకమే ఉండాలనుకుంటే పై వరుసలను కప్పే అట్టముక్క ఒకటి చాలు.

చివరిది, నేను పెద్ద సంస్థలను కూడా తప్పక అడిగేది. సాయంత్రం మెకానిక్ బ్యాడ్జి తిరిగి ఇచ్చినప్పుడు అతని చేతికి చిన్న కాగితం రావాలి. దాని మీద పేరు లేదు, ఫోను నంబరు లేదు, కంపెనీ పేరు కూడా అక్కర్లేదు. తేదీ, బ్యాడ్జి 417, లోపలికి 8.02, బయటికి 7.40. బస్సులో జారిపోయినా దొరికినవారికి అందులో ఏమీ తెలియదు. నెలాఖరున అతను అలాంటి 26 చీటీలు బల్ల మీద పరిచి గుత్తేదారు లెక్కతో పోల్చుకుంటాడు.